పులి కాదు, హులి

అవ్వా,

నా కొడుక్కి అమ్మవారు పోసింది. బడికి పంపకూడదు కాబట్టి, టీచరు ఫోనులో చెప్పిన కన్నడ పాఠం నేనే చదివించాలి. వాడేమో పుస్తకం చూస్తే చాలు, గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు.

ఈరోజు నీలాగే "పులి" అని చదివాను.

"పులి కాదమ్మా, హులి!" అంటూ లేచి కూర్చుని, పేజీ అంతా తనే చదివాడు.

నా చిన్నతనంలో మనం పీణ్యలో ఉండగా నాకూ ఇలాగే అమ్మవారు పోస్తే, పక్కన కూర్చుని హులిని పులి అనీ, హూవును పువ్వు అనీ చదివేదానివి. నేను దిద్దితే, "ఏమోప్పా, మన నోటికి కన్నడం యాడొస్తాది? నువ్వే చెప్పు" అనేదానివి. నీకు నేర్పాలని పొద్దున్నే పుస్తకం పట్టుకునేదాన్ని.

వాడికి పాలు కాస్తుంటే ఇప్పుడు గుర్తొచ్చింది. పాలవాడిని మాత్రం నువ్వు రోజూ కన్నడంలో, "అర్ధ లీటరు హాలు కొడప్పా" అని ఎంత తేటగా అడిగేదానివి!