కల్వర్టు దగ్గర దించని పాడె

నగర కమిషనరు గారి సముఖమునకు, వలలపేట నివాసి ముంగర రామకోటి (68) వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వలలపేటకు, హంసా ఎన్‌క్లేవ్‌కు నడుమ హద్దు నిర్ణయించుట గురించియు, నా భార్య కీ.శే. నాంచారమ్మ ఇంకను ఇంటికి వచ్చుచుండుట గురించియు.

1. సర్కారువారు కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టేసిన తరువాత లంకల నుంచి ఏలూరు శివారుకు వచ్చిన డెబ్బై కుటుంబాలు కట్టుకున్నది మా వలలపేట. శ్మశానం దారిలో మురుగుకాలువ మీద ఉన్న కల్వర్టు మా హద్దు. దీనికి మావద్ద కాగితం లేదు. పేటలో ఎవరు పోయినా పాడెను ఆ కల్వర్టు దగ్గరే దించి, అయినవారు చెవిలో పేరుపెట్టి మూడుసార్లు పిలుస్తారు. పలికితే ఇంటికి, పలకకపోతే శ్మశానానికి. ఇన్నేళ్ళలో ఇరవై ముగ్గురిని అక్కడ పిలిచాము, ఎవరూ పలకలేదు. ఇంతకంటే గట్టి హద్దురాయి తమ రికార్డులలో ఉంటుందని నేననుకోను.

2. కల్వర్టు అవతల వెలసిన కొత్త కాలనీ హంసా ఎన్‌క్లేవ్ వారు నిరుడు తమ ఆర్చిని కల్వర్టుకు ఇవతల, మా వీధిలో నిలబెట్టారు. దానితో కల్వర్టూ, మావి పదకొండు ఇళ్ళూ వారి లోపలికి పోయాయి. అందులో నాది నాలుగోది. వారి సెక్రటరీ సత్యానందం గారు మర్యాదస్తులే. ఎన్‌క్లేవ్ అంటే అడ్రసు చెప్పుకోవడానికి బాగుంటుందండి అంటూ, మా ఇళ్ళు తమలో చేర్చుకోవడానికి ఇంటింటికీ సమ్మతి కాగితం తెచ్చారు. నేను సంతకం పెట్టాను. దాచను, బుద్ధి గడ్డి తిని పెట్టాను. నా భార్య మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, "నేను చేపల గంప మోసి కట్టిన ఇల్లండి ఇది. వలలపేటలోంచి నన్ను కదపలేరు మీరు" అని లోపలికి పోయింది. ఆ తరువాత ఆ ప్రస్తావన మా ఇంట్లో రాలేదు.

3. గత ఫాల్గుణంలో ఆమె గుండెపోటుతో పోయింది. పాడె కల్వర్టు చేరేసరికి సత్యానందం గారు చేతులు జోడించి ఎదురొచ్చారు. ఇది ఇప్పుడు మా ఆర్చి లోపలిది, ఇక్కడ దించితే బాగోదండి, మీ ఇల్లు మాలోదే గనుక మా చివరి హద్దు, ఆ బైపాస్ దగ్గర దించుకోండి అన్నారు. నా సంతకమున్న కాగితం తీసి చూపించారు. మా పేట పెద్ద వీరాస్వామి, పరాయి పొలిమేరలో దించితే దించినట్టు కాదన్నాడు. అరగంట వాదన. ఎండ మండిపోతోంది, మోసేవాళ్ళ భుజాలు జారిపోతున్నాయి. చివరకు ఎక్కడా దించకుండా తిన్నగా శ్మశానానికి పట్టుకుపోయారు. పిలవవలసినవాణ్ణి నేను, సార్. నిప్పుకుండ పట్టుకుని నోరు మూసుకుని ముందు నడిచాను. ఆ మూడు పిలుపులూ నా గొంతులోనే ఉండిపోయాయి. దినవారాలు మాత్రం లోటు లేకుండా జరిపించాను.

4. నాటి నుంచి రోజూ పదకొండు గంటలకు, ఆమె చేపలమ్మి తిరిగొచ్చే వేళకు, అరుగు మీద గంప దించిన చప్పుడవుతున్నది. తరువాత కుళాయి కింద కాళ్ళు కడుక్కున్న చప్పుడు. వెళ్ళి చూస్తే గడప దగ్గర తడి అడుగులు. ముసలాడి భ్రమ అని తమరు అనవచ్చును. ఈ దిగువ సంగతి జరిగేదాకా నేనూ అదే అనుకున్నాను.

5. గత నెల హద్దు విచారణకు తమ సర్వేయరు ఫణికిరణ్ గారు వచ్చారు. మా వీధికి కొత్త. ఆ సమయానికి నేను మందుల షాపుకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అరుగు మీద కూర్చుని రాసుకుంటున్నారు. "మీరు లేకపోయినా ఫర్వాలేదండీ. అమ్మగారు మంచినీళ్ళిచ్చి అన్నీ చెప్పారు. ఇది వలలపేటేనని గట్టిగా రాసుకోమన్నారు" అన్నారు. చేతిలో మా గ్లాసు ఉంది. నేను తాళం వేసి వెళ్ళిన ఇల్లది. ఆయన వీపు వెనక ఆ తాళం వేసింది వేసినట్టే ఉంది. చిన్నవాడు, జడుసుకుంటాడని ఏమీ అనలేదు. ఆ వాంగ్మూలం తమ ఫైలులోనే ఉన్నది, తేదీ చూడగలరు. నా భార్య మరణ ధ్రువీకరణ పత్రం దీనికి జతపరిచాను, ఆ తేదీ కూడా చూడగలరు.

6. ఈ మాట విని మా అమ్మాయి సాయిదుర్గ తాడేపల్లిగూడెం నుంచి పరుగున వచ్చింది. "అమ్మకి ఎటెళ్ళాలో తెలీట్లేదు నాన్నా. ఆ హద్దేదో తేలిస్తే వెళ్ళిపోద్ది" అని ఏడ్చింది. హద్దు తేలితే కల్వర్టు దగ్గర ఆమె చీర పరిచి, ఆ మూడు పిలుపులూ ఇప్పుడైనా పిలవవచ్చునని పురోహితులు కూడా సెలవిచ్చారు.

కావున నా సంతకాన్ని రద్దుచేసి, ఆర్చిని అవతలికి జరిపించి, కల్వర్టే వలలపేట హద్దని ఉత్తరువు ఇప్పించి, నా భార్యను పిలుచుకొనుటకు దారి చూపవలసినదిగా ప్రార్థన. పని ఒత్తిడిలో ఉన్నను ఈ ఒక్క మనవిని తమరు స్వయముగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ముంగర రామకోటి
నాలుగో ఇల్లు, వలలపేట

తా.క. పైదంతా టైపు చేయించింది మా అమ్మాయి, పక్కన కూర్చుని. ఇప్పుడు జిరాక్సు తీయించడానికి వెళ్ళింది, అందుకని ఇది నా చేత్తో రాస్తున్నాను. తమరు హద్దు తేల్చారంటే నేను పిలవాలండి. నేను పిలిస్తే ఆమె పలకదు, అది నాకు తెలుసు. ఆ మర్నాడు నుంచి ఇంట్లో నేనొక్కణ్ణే. ఫైళ్ళు ఏళ్ళ తరబడి కదలవని జనం తిట్టుకుంటారు గదా, ఇదొక్కటి నేను బతికున్నన్నాళ్ళు కదపకండి, తమకు దండం పెడతాను. అర్జీ అందినట్టు రశీదు మాత్రం ఇప్పించండి, అమ్మాయికి చూపించాలి.