రూత్ కూడా ఆమేన్ అంది

2014 జూలై 20, ఆదివారం. షామ్‌బర్గ్, అమెరికా.

ఇంట్లో మా పాప స్వీటీ పుట్టినరోజు ప్రార్థన అయింది. పక్కింటి రూత్‌ని నేనే పిలిచాను. యూదురాలు, మన బైబిల్ సగం వాళ్ళదే కదా, సంతోషిస్తుందనుకున్నాను. బుద్ధి లేదు నాకు.

పాప కోసం ప్రార్థిస్తున్న పాస్టర్ అయ్యగారు మధ్యలో టీవీ వార్తల్లోకి వెళ్ళిపోయారు. "ఇశ్రాయేలుకు జయమియ్యి ప్రభువా, గాజాను నేలమట్టం చెయ్యి తండ్రీ" అన్నారు. అందరం ఆమేన్ అన్నాం. నేనూ అన్నాను, అలవాటుగా. రూత్ కూడా అంది. ఆమేన్ అనే మాట వాళ్ళ హీబ్రూదేగా.

తర్వాత బిర్యానీ ప్లేట్‌తో నా పక్కకొచ్చింది. తెలుగు ప్రార్థనలో ఇశ్రాయేలు, గాజా అన్న రెండు పేర్లే అర్థమయ్యాయట. ఏమని ప్రార్థించారని అడిగింది.

"రెండు వైపులా పిల్లలు క్షేమంగా ఉండాలని" అనేశాను.

ఆమె కళ్ళు నిండిపోయాయి. "నేను యూదురాలిని కాబట్టే గాజా పిల్లల కోసం కూడా ఏడవాలి. ఆ మాటన్నందుకు మా ప్రార్థనా మందిరంలో, సినగాగ్‌లో, నా పక్కన కూర్చోవడం మానేశారు. ఇక్కడ ఇంతమంది ఆమేన్ అన్నారు!" అంది. నా చెయ్యి వదల్లేదు.

వెళ్తూ, ఆ ప్రార్థన ఇంగ్లీష్‌లో రాసివ్వమంది. శుక్రవారం సినగాగ్‌లో అందరి ముందూ చదువుతుందట.

నిజం చెప్తే ఆమెకి ఎవరూ మిగలరు. చెప్పకపోతే, లేని మమ్మల్ని చూపించి తనవాళ్ళతో పోట్లాడుతుంది.

గంట నుంచి కాగితం ముందు కూర్చున్నాను. "తండ్రీ" అని రాశాను. ఆ తర్వాత అయ్యగారి మాటలే వస్తున్నాయి.