రాగిణి విన్నిత్సా చదువు

ఐసెలిన్, అమెరికా, 28 జూలై 2014

విశ్వనాథం, ఇంటిల్లిపాదికీ ఆశీస్సులు.

ఈ కార్డు రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఫోనులో చెబితే నీ కోడలు రాధారాణి ఏడుస్తూ సగమే వింటుంది. ఉక్రెయిన్‌లో యుద్ధమని నీ మనవరాలి మెడిసిన్ మాన్పించకండి. సెప్టెంబరుకి రాగిణిని విన్నిత్సా పంపండి.

మా పక్కింటి ముసలావిడ గలీనాది ఆ విన్నిత్సాయే. సంగతి కనుక్కుందామని నిన్న డజను గులాబీలు పట్టుకెళ్లాను. తలుపు తీసి, "ఎవరు పోయారు శంకర్?" అంది. "ఎవరూ పోలేదమ్మా, మీకే" అన్నాను. ఇంకా కంగారుపడింది. వాళ్లలో సరిసంఖ్య పూలు శవానికేనట! ఒకటి లాగి నా జేబులో పెట్టి, టీ ఇచ్చింది.

ఊరు బుగ్ నది ఒడ్డున, యుద్ధానికి ఏడు వందల కిలోమీటర్ల దూరంలో ఉందట. పోలండు రాజులు, రష్యా జార్లు, జర్మన్లు అందరూ వచ్చి వెళ్లినవాళ్లే. ఇప్పుడు తిరిగే ట్రాములు స్విట్జర్లాండు వాళ్లు వాడి ఇచ్చినవి. నూట ముప్పై ఏళ్ల కిందట పోయిన ఒక డాక్టరు దేహాన్ని ఇప్పటికీ చెడకుండా కాపాడుతున్నారు. వైద్యుడికి అంత మర్యాద మన గుంటూరులో ఉందా? సరే, కార్డు అయిపోతోంది.

రాగిణికి మందపాటి స్వెట్టర్లు కొనండి. నీ మోకాలు ఎలా ఉంది? పెరట్లో నిమ్మచెట్టు కాసిందా? రాధారాణికి ధైర్యం చెప్పు.

గలీనా నా ఎదుటే విన్నిత్సాలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది. ఆదివారాలు పిల్లకి భోజనం తనే పెడతానందట ఆ చెల్లెలు. చేప తింటుందా అని అడిగించింది. తినదని చెప్పాను. రాసుకుందట.

అన్నయ్య,
భీమశంకరం