సిరి మాటే మా మాట

జూలై 7, 2025. సోమవారం. జనగామ.

ఇవాళ సిరి ఇల్లు విడిచింది.

నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. సీరియళ్ళను తిడుతూ వ్యాసాలు రాసి కాస్త పేరూ, చాలా శత్రుత్వమూ సంపాదించుకున్నదాన్ని. బడిలో సోషల్ పాఠం మధ్యలో ఆపి మరీ టీవీని తిట్టే టీచర్ని. ఏంది మేడం, నువ్వే గిట్లయితే మాసొంటోళ్ళం ఎట్లగావాలె అని ఎల్లక్క నవ్వింది.

ఎల్లక్క మా వెనక వాటాలో ఉంటుంది. మార్కెట్ యార్డులో వడ్లు ఊడ్చి, చెరిగే పని. పది రోజులుగా ఆమె కూతురు కీర్తన కూడా ఇక్కడే ఉంటోంది. ఎనిమిదింటికి ముగ్గురం మా ఇంట్లో ‘నువ్వుంటే వెలుగు’ చూస్తాం.

ఎందుకు చూస్తున్నానో నాకు నేనైనా చెప్పుకోవాలి. సిరి బొగ్గుబావి కార్మికుడి బిడ్డ. మా మాట మాట్లాడుతుంది. ఇన్నేళ్ళూ తెర మీద మా తెలంగాణ మాట పనిమనిషికి, రౌడీకి, తాగుబోతుకి. మొదటిసారి ప్రేమించే పిల్ల నోట్లో పెట్టారు. నువ్వంటే నాకు పానం అని సిరి ఆ కోటీశ్వరుడి కొడుకు అభయ్‌తో అన్న రోజున నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఈ మాట బయట ఎవరన్నా అడిగితే కాదంటాను.

తరువాత పెళ్ళయింది. ఆ అభయ్ ఇవాళ పార్టీలో అందరి ముందూ సిరి చెంప పగలగొట్టాడు. సిరి ఏడవలేదు. కొట్టినంక ఇంకేం ప్రేమ, నీ ఇల్లు నువ్వే పెట్టుకో అని గేటు దాటింది.

కీర్తన చప్పట్లు కొట్టలేదు. ఆమె చెవి వెనక కమిలిన చోటు ఇంకా పసుపుపచ్చగానే ఉంది.

జూలై 9.

కీర్తనది ప్రేమ పెళ్ళి. హన్మకొండలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్నప్పుడు సంపత్ పరిచయం. అతనిది బయ్యారం. భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ గనిలో కాంట్రాక్టు టిప్పర్ నడుపుతాడు. కులం కలిసింది కాబట్టి ప్రేమ పవిత్రమైపోయింది, రెండు వైపులా డప్పులు కొట్టించారు. కొట్టడం మాత్రం మొదటి ఏడాదే మొదలైంది. ఈసారి కీర్తన బ్యాగు సర్దుకుని వచ్చేసింది. ఇక్కడే ఏదో ఒక ల్యాబ్‌లో పని చూసుకుని బతుకుత, ఆయన దగ్గరికి మాత్రం పంపకుండ్రి అంటుంది. ఆమెకు కావలసింది అంతే.

కేసు పెడదామన్నాను. ఎల్లక్క వినలేదు. ఠాణా మెట్లెక్కితే ఇజ్జత్ పోతది, కులపోళ్ళ పంచాయితీల తెంచుకుంటే ఎవ్వలు ఏమనరు అంది. పంచాయితీ అంటే మీసాల కోర్టు అన్నాను. చట్టం, హక్కు, రాజ్యాంగం అన్నీ తీశాను. మార్కెట్ యార్డులో పొద్దంతా ఊడ్చి వచ్చిన మనిషి నా మొహంలోకి చూస్తూ ఆవులించింది.

ఓడిపోయాను. పంచాయితీయే.

జూలై 20. ఆదివారం. బయ్యారం నుంచి తిరిగి వస్తూ, రైల్లో.

గెలిచాను. రైలు కుదుపులకు అక్షరాలు వంకర పోతున్నాయి.

పొద్దున రైల్లో మహబూబాబాద్, అక్కడి నుంచి బస్సు. సంపత్ మేనమామ ఇంటి ముందు టెంటు, కుర్చీలు. వీళ్ళ పద్ధతి ఏమిటంటే ఒక్కో పక్షానికి ఒక పెద్దమనిషి. మాట్లాడేది అతనొక్కడే. అతని నోట్లోంచి వచ్చిందే ఆ పక్షం మాట. ఒకసారి పడ్డ మాట వెనక్కి తీసుకోవడం ఉండదు. తీసుకుంటే చావుకీ పెళ్ళికీ ఎవరూ ఆ గడప తొక్కరు. ఎవరి గురించైతే పంచాయితీయో ఆ పిల్ల లోపల ఆడవాళ్ళతో కూర్చోవాలి.

మా తరఫున కూర్చోవాల్సిన ఎల్లక్క తమ్ముడు పొద్దునే తాగి పడిపోయాడు. ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. ఆడమనిషి, అదీ వేరే కులం. గుసగుసలు లేచాయి. అవతలి పెద్దమనిషి భిక్షపతి నవ్వి, కూసోనియ్యుండ్రి, సదువుకున్నక్క, మనకు నాలుగు ముచ్చట్లు తెలుస్తయి అన్నాడు. నవ్వుతూనే కోసే రకం.

కోపంల ఒక్కటేస్తే ఇల్లిడిసి పోతరా అక్కా, గిదేమన్న సీరియలా అన్నాడు.

దొరికాడు. అవును, సీరియలే తీసుకుందాం, సిరి పోలేదా అన్నాను. లోపలి నుంచి ఆడవాళ్ళ నవ్వు గుప్పున వచ్చింది. అంతా చూస్తున్నారన్నమాట! సిరి చేసింది తప్పని ఇక్కడ ఒక్కరన్నా అనండి అన్నాను. ఎవరూ అనలేదు. సంపత్ తల దించుకున్నాడు.

గా పిల్ల మళ్ళ వస్తదక్కా, రాకుంటే సీరియల్ ఎట్ల నడుస్తది అన్నాడు భిక్షపతి.

రాదు అన్నాను. లేచి నిలబడి అన్నాను. సిరి మాటే మా మాట. సిరి ఆ ఇంటికి తిరిగి పోయిన రోజు మా పిల్ల మీ ఇంటికి వస్తుంది.

టెంటు కింద ఈలలు. భిక్షపతి కూడా చప్పట్లు కొట్టాడు. మాట పడ్డది, అందరిన్నరు గదా అన్నాడు. మళ్ళీ కూర్చునేది ఆగస్టు పదిన. ఆ రోజు తెగతెంపులు చేసుకుందామని నేను, చూద్దమని అతను.

కీర్తన కిటికీ పక్కన నిద్రపోతోంది. ఎల్లక్క డోర్నకల్ పోయే పొడుగు గూడ్సును చూస్తూ కూర్చుంది.

జూలై 21.

నీ నోరు మంచిదే మేడం, గని నా బిడ్డ కత వేరు, టీవీల కత వేరు అంది ఎల్లక్క, బిందె నింపుకుంటూ. అది ఒక ఉదాహరణ, జనానికి తెలిసిన భాషలో చెప్పాలి అని వివరించాను. నల్లా బంద్ చేసి పోయింది.

ఆగస్టు 4. సోమవారం.

లీప్ ఇచ్చారు. ‘ఆరు నెలల తరువాత’ అని తెర మీద వేశారు.

సిరి హైదరాబాద్‌లో ఉంది. పట్టుచీర, జారుముడి. నోరు తెరిచింది. రండి కూర్చోండి, కాఫీ తీసుకోండి అంది పక్కింటావిడతో. ఎవరో వాత పెట్టినట్టయింది. ఆరు నెలల్లో ఆ పిల్ల నాలుక ఎవరు కోశారు? ఎందుకో కూడా చెప్పలేదు. గోదావరి జిల్లాల నీళ్ళు తాగిందా, డబ్బింగ్ ఆర్టిస్ట్ మారిందా! ఇక మా మాట ఎక్కడికి పోయిందంటే, కొత్తగా వచ్చిన పనిమనిషి నోట్లోకి. ఆమె గిన్నెలు పడేస్తుంది, మా మాట మాట్లాడుతుంది, వెనక నుంచి బొయ్యిమనే నవ్వుల మ్యూజిక్.

ఎప్పుడూ ఇంతే. అద్దెకు తీసుకుంటారు, వాడుకుంటారు, మళ్ళీ గిన్నెల దగ్గర కూర్చోబెడతారు.

ఆగస్టు 6.

ఛానెల్‌కు నాలుగు పేజీల మెయిల్ పంపాను. సిరి వెనక్కి పోకూడదని, అది ఒక సామాజిక బాధ్యత అని. ఇందులో ఒక నిజమైన అమ్మాయి బతుకు ఉందని కూడా రాశాను. నిమిషంలో జవాబు వచ్చింది. మీ అభిమానానికి ధన్యవాదాలు, చూస్తూనే ఉండండి, స్మైలీ.

ఆగస్టు 8. శుక్రవారం.

వరలక్ష్మీ వ్రతం స్పెషల్ ఎపిసోడ్. ఆషాఢమంతా ఇక్కడ బోనాలెత్తితే ఆ ఛానెల్ కంటికి కనపడలేదు.

సిరి వెనక్కి పోయింది.

అభయ్‌కు ఏదో జబ్బట. తను పోతే సిరి బాధపడకూడదని, ద్వేషం పుట్టించడానికి కొట్టాడట. ఆ సంగతి తెలిసి సిరి కలశం ముందే అతని కాళ్ళ మీద పడింది. మీ దెబ్బలో కూడా ప్రేమే ఉందండీ, నేనే చూడలేకపోయాను అంది. పూలు రాలాయి. నాలుగు కెమెరా కోణాల్లో రాలాయి.

రిమోట్ గోడకేసి కొట్టాను. ఇదే ప్రేమైతే ఈ దేశంలో ప్రతి పోలీస్ స్టేషనూ ప్రేమాలయమే అని అరిచాను. దవాఖానల్లో కుట్లు వేయించుకునే ఆడవాళ్ళందరూ ప్రేమలేఖలు అందుకున్నవాళ్ళే అని అరిచాను. ఎల్లక్క లేచి వెళ్ళిపోయింది. కీర్తన మంచం కిందికి దొర్లిన బ్యాటరీలు తీసి, రిమోట్‌లో వేసి, మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

ఎల్లుండి పంచాయితీ.

ఆగస్టు 10. ఆదివారం.

భిక్షపతి ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. చాయ్ తెప్పించాడు. చెప్పుండ్రి అక్కా, మీ మాట మీరే జెప్పుండ్రి అన్నాడు.

చెప్పాను. గంటల తరబడి చెప్పాను. అది కథ అన్నాను. టీఆర్పీల కోసం రాస్తారు, రాసేవాడు మగవాడు, డబ్బు పెట్టేవాడు సబ్బుల కంపెనీవాడు అన్నాను. ఒక పెద్దాయన మధ్యలో అడ్డుపడి, మరి ఇల్లిడిసినప్పుడు రాసినోడు ఆడామెనా మేడం అన్నాడు. టీఆర్పీల సంగతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

గవన్ని మాకెర్క లేదక్కా, మాటంటే మాట అన్నాడు భిక్షపతి. గా సిరే పోయె, గీమెకేం తక్వ అని లోపలి నుంచి ఓ ఆడగొంతు. పోయినసారి నవ్విన గొంతే కావచ్చు.

సంపత్ అందరి ముందూ చేతులు జోడించాడు. ఇగ చెయ్యెత్త అని ఏడ్చాడు. బాగా ఏడ్చాడు. అభయ్ కన్నా బాగా.

ఈ మాటలు చెల్లవు, ఇప్పుడే మహబూబాబాద్ ఠాణాకు పోదాం రండి అని ఎల్లక్క చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుంది. మాట తప్పితే రేపు నేను సస్తే నా పాడె మోసేటోడుండడు మేడం, నువ్వయితే పొద్దుగాల బడికి పోతవు అంది. అరవలేదు. మామూలుగానే అంది.

కీర్తన లోపలి నుంచి బ్యాగుతో వచ్చింది. పోవద్దమ్మా అన్నాను. నా వైపు ఒకసారి చూసి బండెక్కింది. సంపత్ చున్నీ చక్రంలో పడకుండా సర్దాడు. పక్కనెవరో, సూడు ఎంత ప్రేమనో అన్నారు.

ఆగస్టు 11.

ఎనిమిదైంది. ఎల్లక్క రాలేదు.

ఆగస్టు 17.

పత్రిక వాళ్ళు అడిగారు, సీరియల్ మీద వాయించండి మేడం, జనం కోపంగా ఉన్నారు అని. శీర్షిక కూడా వాళ్ళే ఇచ్చారు. కూర్చున్నాను. ‘ఈ దిగజారుడుకు బాధ్యులెవరు’ దగ్గర పెన్ను ఆగిపోయింది. రాయనని చెప్పాను. ఒంట్లో బాగాలేదని చెప్పాను.

ఆగస్టు 30.

కీర్తన ఫోన్ ఎత్తింది. ఎట్లున్నవ్ అని అడిగాను.

బాగున్నానండీ అంది.

కీర్తన నంబరేనా అని స్క్రీన్ చూసుకున్నాను. ఆమే. గిట్ల మాట్లాడితే ఆయనకు ఇష్టం మేడం, సిరి తీర్గ ఉండమంటడు అని గొంతు తగ్గించి గబగబా చెప్పింది. వెనక ఎవరో దగ్గారు. మరి ఉంటానండీ అని పెట్టేసింది.

ఎల్లక్కకు ఈ సంగతి చెప్పాను. చేటలో నూకలు కిందికి వదిలేసి అట్లాగే కూర్చుంది.

సెప్టెంబర్ 13.

ఫోన్ వారం రోజుల నుంచి స్విచాఫ్. రేపు పోతున్నాను. ఎల్లక్క కూడా వస్తానంది. మాట సంగతేంటని నేను అడగలేదు.

సెప్టెంబర్ 14. ఆదివారం. భూపాలపల్లి.

గది తలుపు విరిగి వేలాడుతోంది, లోపల ఎవరూ లేరు. పక్కింటి గుల్షన్ బేగం మమ్మల్ని చూడగానే ఎల్లక్కను గట్టిగా పట్టుకుంది. పిల్ల నిన్న సీరియల్ బంద్ చేసిందమ్మా, ఆయన చూస్తుండంగనే బంద్ చేసింది, గంతే అంది. మావాళ్ళు తలుపు పగలగొట్టి లోపలికి పోయిన్రు, 108కి నేనే ఫోన్ కొట్టిన అంది. సంపత్ పరారీ.

దవాఖానలో కీర్తన దవడ రెండు చోట్ల విరిగిందన్నారు. ఎల్లక్క మంచం పట్టె పట్టుకుని కింద కూర్చుంది. సాయంత్రం దాకా లేవలేదు.

భిక్షపతికి ఫోన్ చేశాను. ఒక్క మాట కూడా ముందు అనుకోలేదు, అయినా తిట్లు ధారాళంగా వచ్చాయి. అన్నీ విన్నాడు. తప్పయింది అక్కా, మల్ల కూసుందం అన్నాడు.

సెప్టెంబర్ 15.

లేడీ కానిస్టేబుల్ వాంగ్మూలానికి వచ్చింది. ఏం జరిగిందని అడిగింది. నేను గొంతు సవరించుకున్నాను.

కీర్తన చెయ్యెత్తి ఆపింది. కట్టు కట్టిన దవడతో, ఒక్కో మాట కూడదీసుకుని, నేను జెప్త, మేడం బయట కూసుంటది అంది.

బయట కూర్చున్నాను.