ఖాళీగా వదిలిన బిట్టు

అమ్మా, నేను క్షేమమే. మొన్నటినుంచి ఫోను కలవక ఈ కార్డు రాస్తున్నాను. ఇవాళ కోచింగులో కరెంట్ అఫైర్స్ మాస్టారు, "మొన్న గేటు కొట్టుకుపోయిన డ్యామ్ ఏది? రాసుకోండి, పరీక్షలో గ్యారంటీగా వస్తుంది" అన్నారు. అది మన డ్యామే, నాన్న డ్యూటీ చేసే గేట్లే! రెండో బిట్టు: గల్లంతైన సిబ్బంది ఎందరు? ఒకరా, ఇద్దరా, ముగ్గురా, నలుగురా? నేను పెన్ను పక్కన పెట్టేశాను. పక్కమ్మాయి గబగబా టిక్కు పెట్టేసింది.

చెల్లి మేడమీదే ఉందా? నా పుస్తకాలు తడిస్తే తడవనీ, వాటికోసం ఎవరూ కిందికి దిగొద్దు. దానికి నా ముద్దులు. నాన్నకు నమస్కారం చెప్పి, ఏమన్నారో ఆయన చేత్తోనే రాయించు. అందాకా ఆ బిట్టు ఖాళీగానే ఉంచుతాను.

నీ పెద్దమ్మాయి