“ఐ మీన్” తర్వాతి మాట

కోయంబత్తూరు

ప్రియమైన ఇందూ,

మన తెలుగు అక్షరాలు ఈ షెడ్డులో ఎవరికీ రావు. అందుకే నా భయం ధైర్యంగా రాస్తున్నాను. నేను పైన క్రేన్‌లో ఉంటే, కింద నుంచి కొత్త ఇంజనీరు వాకీటాకీలో ఇంగ్లీషులో చెబుతాడు. ఒడిశా ఆయన, తమిళం రాదు. సగం అర్థం కాదు. అడిగితే పని రానివాడినని అనుకుంటాడేమోనని “ఎస్ సార్” అనేస్తాను. నిన్న “అప్... ఐ మీన్, లెఫ్ట్” అన్నాడు. నేను పైకెత్తాను. ఇనుప కడ్డీల కట్ట ఊగిపోయింది. దాని కింద మన ఊరి కందసామి ఉన్నాడు, కొద్దిలో తప్పించుకున్నాడు.

“ఐ మీన్” అంటే ఏమిటి? బడిపిల్లలకు చెప్పేదానివి, నాకూ చెప్పు.

నీ మణిమారన్

తిరుమంగళం

ప్రియమైన మామకు,

నీ ఉత్తరం చదివిన వెంటనే రాస్తున్నాను. “ఐ మీన్” అంటే “నేను చెప్పేదేమంటే” అని. నోరు జారిన మాటను దిద్దుకునేటప్పుడూ అంటారు. మీ సారు అన్నది అలాంటిదే. అప్పుడు ముందు మాట వదిలెయ్, తర్వాతి మాట పట్టుకో. “ఇన్ అదర్ వర్డ్స్” అన్నాడంటే అదే సంగతి వేరే మాటల్లో చెబుతున్నాడని. అందులో వదిలేసేది ఏమీ లేదు. ఏదీ తెలియకపోతే నువ్వే “డూ యూ మీన్ అప్?” అని అడుగు. “మీరు పైకనే అంటున్నారా?” అని దానికి అర్థం.

సిగ్గు పడితే పడు. “ఎస్ సార్” మాత్రం అనొద్దు.

నీ ఇందుజ

తిరుమంగళం

ప్రియమైన మామకు,

జవాబు లేదు. ఫోను చేస్తే “పనిలో ఉండా” అని పెట్టేస్తున్నావు. అది నీ గొంతులా లేదు. సంతలో కందసామి భార్య మేనక కనబడింది. “సైట్లో ఏమో ఆయెనంట అక్కా, మా ఆయన సరిగా చెప్పేది లే” అని ఏడ్చింది.

నేను రాసిన మాట అడిగినందుకు నీ పని పోయిందా? లేక కందసామికి ఏమైనా అయ్యిందా? ఏదైనా సరే, రాయి.

కాచుకుని ఉన్న ఇందుజ

కోయంబత్తూరు

ప్రియమైన ఇందూ,

ఫోనులో నీ గొంతు వింటే ఏడ్చేస్తానని పెట్టేశాను.

ఆ రోజు కడ్డీల కట్ట దించుతున్నాను. కందసామి కింద కనబడలేదు. “లోవర్, లోవర్... ఐ మీన్” అన్నాడు సారు, లోవర్ అంటే దించమని. అంతే, వాకీటాకీ గరగరమంది. తర్వాతి మాట వినబడలేదు. క్రేన్ ఆపేసి “సార్, డూ యూ మీన్ డౌన్?” అని అడిగాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను. “నో! స్టాప్! స్టాప్!” అని అరిచాడు.

కందసామి కాలు కింది కడ్డీల మధ్య ఇరుక్కుని ఉంది. బయటకు లాగాక వాడు పైకి చూసి, “ఎట్ల తెలిసి నిలిపితివి మణీ?” అన్నాడు. “ఇందు చెప్పింది” అన్నాను.

సాయంత్రం సారు నా పక్కన కూర్చున్నాడు. ఆయనకూ ఇంగ్లీషంటే భయమేనట. తప్పు బయటపడక ముందే తొందరగా చెప్పేస్తాడట. ఇకపై ఎత్తడానికి, దించడానికి, ఆపడానికి మూడు తమిళ మాటలు నేర్పమన్నాడు. ఇప్పుడు ఆయన అన్న మాట నేను తిరిగి చెప్పేదాకా కట్ట కదలదు.

మేనకకు చెప్పు. ఆదివారం బస్సులో ఇద్దరం వస్తున్నాం. కందసామి రెండు కాళ్ల మీద నడిచి వస్తాడు.

నీ మణిమారన్