ఇసుకబండికి పడవ ఇంజను

అన్నయ్యా,

ఇసుకదిబ్బల మీద నడపాలని నువ్వు పైపులు అతికి చేసిన ఇసుకబండికి మీ బావ పడవ ఇంజను బిగించారు. పాత ఇంజను నువ్వు చనిపోయిన ఏడే పట్టేసింది. ఈసారీ నడవకపోతే పాతసామాన్లకి ఇచ్చేస్తానని మావయ్యగారు చెప్పేశారు.

నిన్న అప్పికొండ సముద్రతీరం ఇసుకలోకి తోసుకెళ్లాం. చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టాక మీ బావ మొదటి గేరు వేశారు. బండి వెనక్కి వెళ్లిపోయింది! నిమ్మకాయలు నలగకుండా అక్కడే ఉన్నాయి.

"ఏటిరా ఇది? దిష్టి బండికి కాదు, నీకు తియ్యాల" అన్నారు మావయ్యగారు.

"ఈ ఇంజను ఎదురు తిరుగుతంది నాన్నా. మళ్లీ ఇప్పాల."

"ఇప్పితే మరి బిగించక్కర్నేదు. అమ్మేత్తాను."

మావయ్యగారి ఎదుట నేనెప్పుడూ నోరు విప్పలేదు. కానీ తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

"ముందు గేరేత్తే ఎనక్కెల్లింది కదండీ. ఎనక గేరేత్తే ఏటవుద్ది?"

ఇద్దరూ నన్నే చూశారు. మీ బావ రివర్సు వేశారు. బండి నిమ్మకాయల్ని తొక్కి, నువ్వు ఎక్కించలేకపోయిన దిబ్బ మీదికి మెల్లగా ఎక్కింది.

"పిల్లే నయంరా నీకంటే. ఉండనీ బండి" అన్నారు మావయ్యగారు.

ఇప్పుడు దానికి వెనక్కి పోవడానికి మూడు గేర్లు, ముందుకి ఒక్కటే. ఆదివారం గేరుపెట్టె విప్పుతారట, నన్నూ పక్కన కూర్చోమన్నారు. లోపల ఏముంటుందని అడిగితే, ఆడపిల్లకెందుకని నువ్వు చూపించేవాడివి కాదు.

నీ చెల్లి